వేలు

అద్మాసు అంటే మా భాషలో దిగంతం.
ఏడో నెలలో మశూచి వచ్చి
రెండు కళ్ళూ తీసుకుపోయాక కూడా
తల్లి ఆ పేరు మార్చలేదు.

నా పేరు మంతెగ్బోష్. అప్పటికి తొమ్మిదేళ్ళు.
నెలకింత టెఫ్ పిండికి
మా పిన్ని నన్ను ఆయన చూపుడువేలికి అప్పగించింది.
కర్ర వద్దనేవాడు.
కర్ర రాయి ఉందని మాత్రమే చెబుతుందిట,
పిల్లయితే రాయి పక్కన పడుకున్న కుక్క రంగు కూడా చెబుతుందిట.

దెస్సీ ఊరంతా ఎక్కుడు, దిగుడు.
సందెవేళ తేనెకల్లు ఇళ్ళు తలుపులు తీసేవి.
ఆయన చంకలో మసింకో:
మేకతోలు బిగించిన చిన్న చెక్కపెట్టె,
దానికి ఒకే ఒక తీగ, గుర్రం తోకవెంట్రుకలది.
ఒక్కటేనా అని నవ్విన పైఊరి వర్తకుణ్ణి
"నీకు నాలుకలు రెండా?" అని అడిగాడు.

తాగినవాడెవడో చెవిలో ఒక మాట ఊదితే
అప్పటికప్పుడు దాన్ని పాటలో పోసేవాడు,
పైకి మైనం, లోపల బంగారం.
మైనానికి ఇల్లంతా నవ్వేది.
బంగారం ఎవరికి తగలాలో వాడొక్కడే
గ్లాసు కింద పెట్టి తల వంచుకునేవాడు.

మెచ్చినవాళ్ళు నోటు తడిపి నుదుటికి అంటించేవాళ్ళు.
దాన్ని ఊడదీసి ఆయన గాబీ మూటలో కట్టడం నా పని.
పదింటికొకటి నా గౌను అంచులోకి పోయేది.
చూడని మనిషి దగ్గర
ఇది దొంగతనం కాదనుకున్నాను.

వానాకాలం. ఒక పొద్దున అడిగాడు,
తోసా కొండ ఇవాళ ఏ రంగుగా ఉందని.
పొగమంచు. నా చేయి నాకే కనబడటం లేదు.
"పచ్చగా" అన్నాను.
"అయితే ఇద్దరం చూడలేదన్నమాట" అని
ముందుకే నడిచాడు, నన్ను లాక్కుంటూ.

ఆ ఏళ్ళలో పొద్దుగూకితే వీధి సైనికులది.
మొహాన టార్చి వేసి ఒకడు గద్దించాడు:
"రాత్రైందని తెలీదా?"
"ఎప్పుడు మొదలైంది బాబూ?"
నేను వణికాను. నా గుప్పిట్లో ఉన్న వేలు వణకలేదు.
వాడు చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత గొంతు తగ్గించి, బాతి బాణీ వచ్చా అన్నాడు.
తుపాకి గోడకి ఆనించిన చప్పుడు ఆయన విన్నాడు.
పాట సగంలో వాడు టార్చి ఆర్పేయడం నేను చూశాను.

ఆ వారమే అనుకుంటాను,
నిండుగా ఉన్న ఇంట్లో, ఎవరూ మాట ఊదకుండానే
ఆయనే కమాను దూసి ఎత్తుకున్నాడు:

"వేలు పట్టి నడిపేటి చిన్నదానా,
వేలు పోతే పోనీ గాని, వేలు వదలకే."

వేలు పోయాక వేలేం పట్టుకుంటుందని
తాగుబోతులు పడీ పడీ నవ్వారు.
నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.
గౌను అంచులో నోటు గరగరలాడింది.

బాతి సంతకి వెళ్ళొస్తూ, ఒంటెల వాసన ఇంకా బట్టల మీద ఉండగానే,
లారీలో నా భుజానికి ఆనుకుని పోయాడు.
నిద్రనుకుని రెండు మలుపుల దాకా
దారి చెబుతూనే ఉన్నాను.
ఇక్కడ యూకలిప్టస్ చెట్లు,
ఇక్కడ ఎవరో జొన్నకి కాపలా ఉన్నారు, వడిసెల తిప్పుతున్నారు...

ఇప్పుడు కొంబొల్చా బస్టాండులో గల్లాపెట్టె నాది.
రోజంతా వేలు లెక్కపెడతాను, వేలు తడుపుకుంటూ.
పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, అలా లెక్కలో ఉండగానే
నలభై ఏళ్ళ మైనం కరిగి చేతిలో పడింది.
కిటికీ అవతల జనం చిల్లరకి కేకలేస్తున్నారు.
ఆయనకి తెలుసు. మొదటి నోటు నుంచీ తెలుసు.
తిట్టలేదు, పంపేయలేదు,
నవ్వేవాళ్ళ మధ్య కూర్చోబెట్టి క్షమించాడు,
నాకు అర్థం కావాల్సినప్పుడు అవుతుందిలే అని.

మసింకో నా గదిలో మేకుకి ఉంది.
వానల్లో తీగ వదులవుతుంది. బిగించడం నాకు రాదు.
పెద్ద లారీ పోయినప్పుడు దానంతటదే కాస్త మూలుగుతుంది.

నోట్లు లెక్కపెడుతుంటే
ఇప్పటికీ చూపుడువేలు దగ్గరే
నాకు లెక్క తప్పుతుంది.